కల్పిత లోకము - నిజమైన ఎరుక

కన్నులు మూసికొని కూర్చుండి, ముక్కుపుటముల యొద్ద వచ్చిపోవు గాలిని మాత్రమే గమనింపుమని ఒక విద్యార్థితో చెప్పినచో, పది శ్వాసలు లెక్కించులోపలనే అతని మనస్సు పరీక్షల మీదికో, ఆటస్థలము మీదికో పరుగెత్తును. మనస్సును ఒకచోట నిలుపుట ఎంత కష్టమో ప్రయత్నించిన వారికందరికిని తెలియును. భయముచేతనో, బాధచేతనో, దిగులుచేతనో క్రుంగియున్న వారికి ఈ కష్టము ఇనుమడించును. మనశ్శాంతి ఎవరికి మిక్కిలి అవసరమో, వారికే దానిని సంపాదించు సాధన మిక్కిలి దుర్లభమగుచున్నది.

ఈ చిక్కును తీర్చుటకు శాస్త్రజ్ఞులు ఇటీవలి కాలమున ఒక విచిత్రమైన సాధనమును ప్రయోగించి చూచుచున్నారు. అది కన్నులకు కట్టుకొను యంత్రము. దానిని ధరించినవానికి తానున్న గది కనబడదు. కంప్యూటరు సృష్టించిన నదియో, అడవియో, కొండయో తన చుట్టును కనబడును. తల త్రిప్పినచో దృశ్యము కూడ దానికి తగినట్లు మారును. దీనికి వర్చువల్ రియాలిటీ అని పేరు. తెలుగున కల్పిత వాస్తవము అనవచ్చును.

ఇందులో ఒక విరోధము కనబడుచున్నది. ధ్యానశాస్త్రములు చెప్పు ఎరుక యనగా ఉన్నదానిని ఉన్నట్లు గమనించుట. ఈ యంత్రమో, లేనిదానిని ఉన్నట్లు చూపును. లేనిదానిని చూపు యంత్రము ఉన్నదానిని గమనించుటకు ఎట్లు తోడ్పడగలదు? ఈ ప్రశ్నకు సమాధానము ఆ యంత్రము యొక్క చరిత్రలోనే లభించును.

రెండు కన్నులు - రెండు చిత్రములు

ముఖమునకు ఎదురుగా ఒక వ్రేలిని నిలిపి, మొదట ఎడమకన్నును, తరువాత కుడికన్నును మూసి చూచినచో, వెనుకనున్న గోడమీద వ్రేలు ఇటునటు జరిగినట్లు కనబడును. రెండు కన్నుల నడుమ సుమారు 6 సెంటీమీటర్ల దూరముండుటయే దీనికి కారణము. ఒక్కొక్క కన్ను లోకమును కొంచెము వేరుగా చూచుచున్నది. మెదడు ఆ రెండు చిత్రములను కలిపి, వానిలోని భేదమును బట్టి వస్తువుల దూరమును గ్రహించుచున్నది.

ఈ సూత్రమును స్పష్టముగా నిరూపించినవాడు ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు చార్లెస్ వీట్‌స్టన్. ఆయన 1838లో తన స్టీరియోస్కోపును గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి నివేదించెను. రెండు అద్దముల సాయముతో ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మను చూపగా, చదునైన కాగితములపై గీచిన రేఖలు లోతు గల వస్తువువలె కనబడెను. అనగా, కన్నులకు తగిన సమాచారమును అందించినచో మెదడే లోకమును నిర్మించుకొనునని తేలినది.

అమెరికాలో చలనచిత్రకళలో ఆసక్తిగల మోర్టన్ హైలిగ్ ఈ భావమును ఇంకొక మెట్టు పైకి తీసికొనిపోయెను. ఆయనకు 1962లో సెన్సోరమా అను యంత్రమునకు పేటెంటు లభించెను. దాని ముందు కూర్చున్నవానికి మోటారుసైకిలుపై నగరవీధులలో పోవుచున్నట్లు దృశ్యము కనబడును. పీఠము కదలును, ముఖమునకు గాలి తగులును, వాసనలు కూడ వచ్చును. కాని ఆ దృశ్యము ముందుగా తీసిన చిత్రమే. చూచువాడు ఎటు చూడదలచినను అది మారదు.

ఆ లోపమును తీర్చినవాడు ఐవాన్ సదర్లాండ్. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆయనయు, ఆయన విద్యార్థులును నిర్మించిన యంత్రము 1968లో లోకమునకు వెల్లడియైనది. అందులో ప్రతి కంటికిని ఒక చిన్న కాథోడు కిరణనాళము ఉండెను. లోకప్పునుండి వ్రేలాడు ఒక కమ్మీ తలయొక్క కదలికను కొలిచి కంప్యూటరునకు తెలుపుచుండెను. కంప్యూటరు ఆ కదలికకు తగినట్లు గీతలతో కూడిన బొమ్మను మరల గీయుచుండెను. కనబడునవి వట్టి గీతలే యైనను, చూచువాడు వాని చుట్టును తిరిగి పరికింపగలిగెను. నేటి కల్పిత వాస్తవ యంత్రములన్నింటికిని ఇదియే మూలపురుషుడు. ఆ పేరును 1980 దశకములో వ్యాప్తికి తెచ్చినవాడు జారన్ లేనియర్.

మొదటి ఉపయోగము: భయమును ఎదుర్కొనుట

మనోవైద్యులకు ఈ యంత్రము మొదట ఉపయోగపడినది ధ్యానమునకు కాదు, భయమును పోగొట్టుటకు. దక్షిణాఫ్రికాలో జన్మించిన జోసెఫ్ వోల్పె అను వైద్యుడు 1958లో ప్రకటించిన గ్రంథమున ఒక చికిత్సాక్రమమును వివరించెను. భయపెట్టు వస్తువులను స్వల్పమైనవానితో ఆరంభించి క్రమముగా పెద్దవానివరకు రోగి ఊహించుకొనవలెను. అదే సమయమున శరీరమును సడలించుకొనవలెను. ఇట్లు మెట్టుమెట్టుగా చేయుచుండగా భయము తగ్గును. కాని కోరినపుడు కోరిన దృశ్యమును స్పష్టముగా ఊహించుకొనుట అందరికిని సాధ్యము కాదు. ఎత్తుకు భయపడువానిని నిజముగా మేడపైకి తీసికొనిపోవుటయు ప్రతివైద్యునికి వీలు కాదు.

అట్లాంటా నగరమున బార్బరా రోత్‌బామ్ అను మనస్తత్త్వవేత్తయు, లారీ హాడ్జెస్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడును కలిసి, ఊహ చేయవలసిన పనిని యంత్రమునకు అప్పగించిరి. ఎత్తన్న భయపడు 20 మంది కళాశాల విద్యార్థులలో 12 మందికి చికిత్స చేసి, 8 మందిని పోల్చి చూచుటకై నిలిపి ఉంచిరి. చికిత్స పొందినవారు కల్పితమైన వంతెనలపై నడచిరి; వసారాలనుండి క్రిందికి చూచిరి; గాజు లిఫ్టులో పైకెక్కిరి. ఫలితములు 1995లో వెలువడినవి. చికిత్స పొందినవారి భయము తగ్గెను, నిలిపి ఉంచినవారిలో మార్పు లేకుండెను. గదిలో నేలమీదనే నిలుచున్నామని వారికి తెలియును. అయినను అరచేతులు చెమర్చెను, కాళ్ళు వణకెను. బుద్ధికి అబద్ధమని తెలిసినదానికిని శరీరము నిజముగా స్పందించునని ఇందువలన స్పష్టమైనది. తరువాత జరిగిన పనికంతకును ఇదియే పునాది.

రెండవ ఉపయోగము: బాధనుండి దృష్టి మరల్చుట

ఒళ్ళు కాలినవారి గాయములను కడిగి కట్లు మార్చునపుడు కలుగు బాధ వర్ణనాతీతము. బలమైన మందులు ఇచ్చినను ఆ సమయమున అవి చాలవు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అను మనస్తత్త్వవేత్తలు ఈ సమస్యను చేపట్టిరి. 2000 సంవత్సరమున వారు ప్రకటించిన వ్యాసములో ఇద్దరు బాలుర వృత్తాంతము కలదు. ఒకడు 16 ఏండ్లవాడు, రెండవవాడు 17 ఏండ్లవాడు. గాయములకు చికిత్స జరుగునపుడు కొంతసేపు మామూలు వీడియో ఆట ఆడించిరి; కొంతసేపు కల్పిత వాస్తవములో ఉంచిరి. రెండవ పద్ధతిలో బాధ మిక్కిలి తక్కువగా తోచినదని ఇద్దరును చెప్పిరి.

తరువాత హాఫ్‌మన్ బృందము ఈ రోగులకొరకే మంచులోకము అనదగిన స్నోవరల్డ్‌ను తయారుచేసెను. రోగి మంచుకొండల నడుమనున్న లోయలో మెల్లగా తేలిపోవుచు, మంచుబొమ్మలమీదను పెంగ్విన్ పక్షులమీదను మంచుముద్దలు విసరును. నిప్పుచే కాలినవానికి మంచును చూపుటలోని ఔచిత్యమును వేరుగా చెప్పనక్కరలేదు. 2004లో 8 మంది ఆరోగ్యవంతుల మెదడులను పరీక్షించి చూడగా, కల్పితలోకములో ఉన్నపుడు బాధకు సంబంధించిన 5 మెదడు భాగములలో క్రియ తగ్గినట్లు కనబడెను.

దీని కారణము సులభగ్రాహ్యమే. మనిషి అవధానమునకు ఒక పరిమితి కలదు. చిన్న దీపపు వెలుగు గదిలో ఒక మూలను ప్రకాశింపజేసినపుడు తక్కిన మూలలు చీకటిలో ఉండిపోవును. మంచులోకము ఆ దీపమును తనవైపు త్రిప్పుకొనును. అందుచే బాధ చీకటిలో పడును. కాని ఇది మరపు, ఎరుక కాదు. యంత్రము తీసివేయగానే దీపము మరల బాధవైపునకే తిరుగును. కట్లు మార్చు అరగంటకు ఈ మరపు గొప్ప వరము. ఏండ్లతరబడి నడుమునొప్పితోనో, దిగులుతోనో బ్రతుకువానికి ఇది చాలదు.

ఎరుక అను పదముయొక్క ప్రయాణము

ఏండ్లతరబడి ఉండు బాధకు మరియొక మార్గమును ప్రాచీన భారతదేశము కనుగొనినది. బౌద్ధుల పాలి గ్రంథములలో దానికి సతి అని పేరు. సంస్కృతమున స్మృతి. మజ్ఝిమ నికాయములోని సతిపట్ఠాన సుత్తము ఈ సాధనను వివరించును. శ్వాస దీర్ఘమైనపుడు దీర్ఘమని, హ్రస్వమైనపుడు హ్రస్వమని తెలిసికొనుటతో అది ఆరంభమగును. ఆంగ్ల పండితుడు రైస్ డేవిడ్స్ 1881లో ప్రకటించిన అనువాదమున ఈ పదమునకు మైండ్‌ఫుల్‌నెస్ అను మాటను వాడెను. నేడు ప్రపంచమంతటను వినబడు మాట అదియే. తెలుగున ఎరుక అన్న చక్కగా సరిపోవును.

బర్మాలో ఈ సాధనను నేర్చిన సత్యనారాయణ గోయెంకా 1969లో భారతదేశమునకు వచ్చి విపశ్యన శిబిరములు నడపెను. హైదరాబాదు నగరమునందును ఆ పద్ధతి నేర్పు కేంద్రము కలదు. ధ్యానమును ప్రయోగశాలలో పరీక్షించుట కూడ ఈ దేశమున ముందే ఆరంభమైనది. ఢిల్లీ వైద్యసంస్థకు చెందిన ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ అను శాస్త్రజ్ఞులు 1961లో యోగుల మెదడు విద్యుత్తరంగములను గూర్చి ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధమైనది. సమాధిలో ఉన్న యోగులకు వెలుతురు, శబ్దము మొదలైనవి తగిలించినను వారి ఆల్ఫా తరంగములు చెదరలేదని వారు వ్రాసిరి.

అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో ఈ సాధనను మతముతో ముడిపెట్టక, రోగులకు శిక్షణగా నేర్పుట ఆరంభించెను. ఆయన 1982లో 51 మంది దీర్ఘకాలిక బాధ గల రోగులను గూర్చి వ్రాసెను. ఇతర చికిత్సలవలన గుణము కానివారు వీరు. 10 వారముల శిక్షణ తరువాత వీరిలో నూటికి 65 మందికి బాధ మూడవవంతు, లేక అంతకు మించి తగ్గెను.

ఈ పద్ధతి మంచులోకమునకు పూర్తిగా విరుద్ధమైనది. అక్కడ దీపమును బాధనుండి మరల్చుదురు. ఇక్కడ దీపమును బాధమీదనే నిలిపి, భయపడక, తిట్టుకొనక చూడుమందురు. అట్లు చూచినపుడు బాధ వేరు, బాధను గూర్చిన బెంగ వేరు అని తెలియును. బెంగ తగ్గిన మేరకు మనిషికి ఊరట కలుగును. అయితే దీపమును అట్లు నిలుపుటయే కష్టము. శిక్షణను మధ్యలో మానుకొనువారు అనేకులు.

శ్వాసతో నడచు అడవి

యంత్రమును ఎరుకవైపు మొదట త్రిప్పినవారిలో ఒకరు వైద్యులు కారు, చిత్రకారిణి. కెనడా దేశమునకు చెందిన చార్ డేవీస్ 1995లో మాంట్రియల్ నగరపు ఆధునిక కళాప్రదర్శనశాలలో ఆస్మోస్ అను కల్పితలోకమును ప్రదర్శించెను. అప్పటి కల్పితలోకములలో చేతితో చూపినవైపునకు ఎగురుట, వస్తువులను పట్టుకొనుట వాడుక. డేవీస్ వీనినన్నిటిని తీసివేసెను. ఆమెకు సముద్రగర్భమున ఈదు అలవాటు ఉండెను. నీటిలో ఈదువాడు ఊపిరి పీల్చినచో కొంచెము పైకి తేలును. విడిచినచో కొంచెము దిగును. ఆమె ఈ అనుభవమునే యంత్రమునకు నేర్పెను.

ఆస్మోస్‌లో ప్రవేశించువాడు ఛాతీకి ఒక పట్టీ ధరించును. ఛాతీ వ్యాకోచమును ఆ పట్టీ కొలుచును. ఊపిరి పీల్చినపుడు అతడు చెట్టుకొమ్మలలోనికి, మేఘములలోనికి లేచును; విడిచినపుడు కొలనులోనికి, వేళ్ళ నడుమనున్న మట్టిలోనికి దిగును. ఒకవైపు ఒరిగినచో ఆ దిక్కునకు మెల్లగా సాగును. తొందరపడువాడు ఎచ్చటికిని పోజాలడు. శ్వాస నెమ్మదించినవాడే అందులో హాయిగా సంచరింపగలడు.

ముందు వేసికొనిన ప్రశ్నకు సమాధానము ఇక్కడ దొరకుచున్నది. అడవి కల్పితము, మేఘము కల్పితము. వానిని నడపు శ్వాస మాత్రము నిజము. కంటికి కనబడని శ్వాసను యంత్రము కంటికి కనబడునట్లు చేసెను. అద్దము ముఖమును సృష్టింపదు, చూపును. ఆస్మోస్ కూడ శ్వాసకు అట్టి అద్దమే.

సియాటిల్‌లో కలిసిన రెండు మార్గములు

హాఫ్‌మన్ పనిచేసిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయముననే మార్షా లైన్‌హాన్ అను మనస్తత్త్వవేత్త ఉండెను. ఉద్రేకములను అణచుకొనలేక, ఆత్మహత్యకు పూనుకొను రోగులకొరకు ఆమె ఒక చికిత్సను రూపొందించి 1993లో గ్రంథముగా ప్రకటించెను. ఎరుకను అలవరచుకొనుట అందు ముఖ్యమైన నైపుణ్యము. కాని ఉద్రేకముతో సతమతమగు రోగిని కన్నులు మూసికొని కూర్చుండుమనుట, ఈత రానివానిని లోతునీటిలోనికి దిగుమనుట వంటిది.

మరపును కలిగించు యంత్రమును, ఎరుకను కోరు చికిత్సను కలుపు ప్రయత్నము 2016లో వెలువడెను. స్పెయిన్ దేశపు పరిశోధకురాలు మరివీ నవారో-హారో, హాఫ్‌మన్, లైన్‌హాన్ మొదలగువారు ఒక రోగిణి వృత్తాంతమును ప్రకటించిరి. ఆమె కల్పితమైన నదిపై మెల్లగా తేలిపోవుచు, ఎరుకను గూర్చిన సూచనలను వినెను. ఇందులో విసరుటకు మంచుముద్దలు లేవు. గెలుచుటకు ఆట లేదు. ప్రతి అభ్యాసము తరువాత ఆమెకు ఉద్రేకములు తగ్గినట్లు తెలిసెను. ఒక్క రోగి వృత్తాంతము ప్రమాణము కాదు. అది ప్రశ్నను ముందుంచును, అంతియే. 2017లో ధ్యానములో అనుభవముగల 44 మందిపై అదే దృశ్యమును పరీక్షింపగా, వారి విచారము, కోపము, ఆందోళన తగ్గినట్లు కనబడెను. 2019లో ఆందోళనతో బాధపడు రోగులను రెండు బృందములుగా విభజించిరి. ఒక బృందమునకు ఎరుక శిక్షణ మాత్రమే. రెండవదానికి అదే శిక్షణతోబాటు యంత్రము. రెండు బృందములవారికిని గుణము కనిపించెను. కాని యంత్రమును వాడినవారు శిక్షణను విడువక కొనసాగించుటలో మెరుగుగా ఉండిరి.

ఈ ఫలితము మిక్కిలి గమనింపదగినది. గుణమునకు మూలము శిక్షణయే. యంత్రము సాధకుని ఆ శిక్షణలో నిలుపుటకు తోడ్పడెను. పసిబిడ్డకు నడక నేర్పు మూడుచక్రముల బండి నడవదు, బిడ్డయే నడచును. అయినను బండి ఉన్నచో బిడ్డ పడిపోవుదునను భయము లేక అడుగువేయును.

చౌకయైన యంత్రము - క్రొత్త బాధ్యతలు

1995లో ఇట్టి లోకమును చూపుటకు పెద్ద ప్రయోగశాలలలో ఉండు కంప్యూటరు కావలసివచ్చెను. చేతిలోని టెలిఫోనులకొరకు తయారైన చిన్న తెరలు, కదలికను కొలుచు పరికరములు చౌకయైన తరువాత స్థితి మారినది. 2012లో ఓక్యులస్ సంస్థ సామాన్యులకు అందదగిన యంత్రమును ప్రకటించెను. 2014లో గూగుల్ అట్టపెట్టెతో చేసిన కళ్ళజోడును వెలువరించెను. 2018లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డేనియల్ ఫ్రీమన్ బృందము ఎత్తుకు భయపడు 100 మందిని పరీక్షించెను. ఇందు చికిత్సకుని స్థానమున యంత్రములోని కల్పిత ఉపదేశకుడే మార్గము చూపెను. అయినను చికిత్స పొందినవారి భయము గణనీయముగా తగ్గెను.

2021 నవంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణశాఖ దీర్ఘకాలిక నడుమునొప్పికి కల్పిత వాస్తవ చికిత్సను ఒకదానిని అనుమతించెను. దానిని వైద్యుడు వ్రాసియిచ్చినచోనే వాడవలెను. 8 వారములు ఇంటివద్దనే జరుగు ఈ శిక్షణలో దీర్ఘశ్వాస, అవధానమును మరల్చుట, శరీరమును సడలించుట మొదలగునవి కలవు. ధరించినవాని ఊపిరిని యంత్రములోని మైక్రోఫోనువైపు త్రిప్పు అమరిక కూడ కలదు. చార్ డేవీస్ పట్టీ ఈ విధముగా ఆసుపత్రివరకు వచ్చినది. పరీక్షలో పాల్గొన్నవారు 179 మంది. చికిత్స పొందినవారిలో నూటికి 66 మందికి బాధ 30 శాతమునకు మించి తగ్గెను. పోల్చి చూచుటకు మామూలు చిత్రములను చూపిన వారిలో నూటికి 41 మందికి ఆ ఫలితము కలిగెను. రెండవ అంకె కూడ చిన్నది కాదు. చికిత్స జరుగుచున్నదను నమ్మకము, ప్రతిదినము కొంతసేపు ప్రశాంతముగా కూర్చుండుట కూడ మేలుచేయునని అది తెలుపుచున్నది. పోలికబృందము లేని ప్రయోగము మోసగింపగలదనుటకు విద్యార్థులు దీనిని ఉదాహరణముగా గ్రహింపవచ్చును.

దోషములును లేకపోలేదు. అదే పరీక్షలో నూటికి సుమారు 20 మంది యంత్రము ధరించుట ఇబ్బందిగా ఉన్నదనిరి. సుమారు 10 మందికి తలత్రిప్పు, వికారము కలిగెను. కన్ను కదలుచున్నామని చెప్పగా, లోపలిచెవిలోని సమతౌల్యావయవము నిలిచియున్నామని చెప్పును. ఈ రెండు సాక్ష్యములు పొసగక వికారము పుట్టును. దృశ్యమును మెల్లగా కదలించుట, తల త్రిప్పినవెంటనే ఆలస్యము లేక చిత్రమును మార్చుట దీనికి ఉపాయములు. తీవ్రమైన మనోవ్యాధి గలవారు వైద్యుని సలహా లేక దీనిని ఆశ్రయింపరాదు.

వీనికంటె పెద్ద ప్రశ్న ఒకటి మిగిలియున్నది. శాంతి యంత్రములోనే ఉన్నదని నమ్మినవాడు, యంత్రము లేనినాడు మునుపటికంటె నిస్సహాయుడగును. కనుక ఈ చికిత్సయొక్క గుణమును యంత్రము ధరించియున్నపుడు కాదు, తీసివేసిన తరువాత కొలువవలెను. కల్పిత నదిమీద నెమ్మదించిన శ్వాస, పరీక్షామందిరములోను, రోగి మంచముమీదను, కోపము వచ్చిన గడియలోను నెమ్మదిగా నిలిచినచో, యంత్రము తన పని చేసినట్లు. వీట్‌స్టన్ అద్దములు లోకమును మనిషి కన్నులయందే పుట్టించిచూపెను. ఆ అద్దముల సంతతియైన నేటి యంత్రము మనిషికి తన శ్వాసనే చూపుచున్నది. ఆ శ్వాసను యంత్రము లేకయే గుర్తుపట్టగలిగిన దినమున దానిని పెట్టెలో పెట్టి మూయవచ్చును.